లేని బుధవారం క్లబ్బు

రండి, ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి, అంత దూరానికి నేను అరవలేను. చిన్నపిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, కానీ వాళ్ళేమైనా నేర్చుకుంటే నా పూచీ లేదు. నేను చెప్పబోయేది చిన్నప్పుడు నేనాడిన ఒక అబద్ధం సంగతి. ఆరో తరగతి పిల్ల మోయగలిగినంత అబద్ధమే. మోయలేక ఎక్కడ పడేశానో అదే చెబుతాను.

మేము అప్పుడు మావాళ్ళు మగ్గాల పనికి వలసపోయిన మరాఠీ ఊరు భివండిలో, కామత్‌ఘర్‌లో ఉండేవాళ్ళం. ఒకే వరసలో పన్నెండు గదులు, అందరికీ కలిపి ఒక్క కుళాయి. మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు నాగావ్‌లో ఒక కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. అమ్మ అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కడుపులో పెట్టే నూలు కండె ఉంటుంది కదా, అది. నేసినాక ఆ కండెల మీద నాలుగు చుట్లు, అయిదు చుట్లు నూలు మిగిలిపోతుంది. దాన్ని ఊడదీస్తే గానీ మళ్ళీ చుట్టడానికి రాదు. ఆ ఊడదీసే పని మా నాయినమ్మది.

శనివారం మాకు ఒంటిపూట బడి. గంట కొట్టగానే పిల్లలందరూ ఇంటికి పరిగెత్తితే, నేను పుస్తకాల సంచి భుజాన వేసుకుని కార్ఖానాకు పోయేదాన్ని. నాయినమ్మ పక్కన గోనెసంచి మీద కూర్చుని, కండె తీసుకుని, గోటితో నూలు కొస వెతికి, లాగి, గంపలో వేయాలి. ఒక గంప అయిపోయిందని లేవబోతే ఇంకో గంప వచ్చేది. వేళ్ళ సందుల్లో దారం కోసేది. ముక్కులో దూది. మా వరసలో పిల్లలందరూ ఏదో ఒక పని చేసినవాళ్ళే, నాది పెద్ద కష్టమని చెప్పను. కానీ నాకు ఒళ్ళు వంగేది కాదు. శనివారం వస్తుందంటే శుక్రవారమే నాకు కడుపునొప్పి మొదలయ్యేది. నాయినమ్మ వాము నీళ్ళు తాగించి మరీ తీసుకుపోయేది.

అట్లాంటి రోజుల్లో మా తెలుగు బడికి కొత్త పెద్దబాయి వచ్చింది. అక్కడ టీచరమ్మను బాయి అంటారు, అందరి మీద పెద్దామె పెద్దబాయి. ఆమె ప్రార్థన దగ్గర నిలబడి, ఇక నుంచి శనివారం మధ్యాహ్నం బడిలో క్లబ్బులు నడుస్తాయి, ఇష్టమున్నవాళ్ళు ఉండవచ్చు అని చెప్పింది. లెజిం క్లబ్బు, బొమ్మల క్లబ్బు, తోట క్లబ్బు, విజ్ఞానం క్లబ్బు, నాటకం క్లబ్బు.

ఆ క్లబ్బుల వైభవం ఏమని చెప్పను! తోట వేయడానికి బడికి జానెడు మట్టి లేదు. నూనె డబ్బాలు కోసి వాటిలో మెంతులు వేశారు. మెంతులు నాలుగాకులు వేసిన రోజే వెనక గల్లీ మేక వచ్చి క్లబ్బు మొత్తం తినిపోయింది. విజ్ఞానం క్లబ్బుకు ఉన్నది ఒక్క అయస్కాంతం. దాన్ని ఒక పిల్లవాడు ఇంటికి తీసుకుపోయి, వాళ్ళ అమ్మ పోగొట్టుకున్న సూదులన్నీ వెతికిపెట్టి, ఇక తిరిగి ఇవ్వలేదు. ఇనుప బిళ్ళలు గలగలలాడించే లెజిం క్లబ్బు చప్పుడుకు పక్క కార్ఖానాలో పనివాళ్ళ మీద పెత్తనం చేసే ముకద్దం వచ్చి, "ఏం బాయీ, మా సాంచాలకంటె మీ పోరలే ఎక్కువ మోగుతున్నరు గదా" అన్నాడు.

నేను నాటకం క్లబ్బులో చేరాను. నాటకం మీద ప్రేమ అప్పటికి నాకేం లేదు. అందులో కూర్చునే పని ఎక్కువ ఉంటుందని ఎవరో చెప్పారు. అంతే.

ఇక ఇంట్లో ఒప్పించాలి. మా ఇంట్లో బాపు మాట, అమ్మ మాట ఏదైనా నాయినమ్మ తల ఊపినాకే మాట. ఆమె దగ్గరికి పోయేముందు మీకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది తెలియదు.

సాంచాల మధ్య గొంతు పనికిరాదు. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో మాట్లాడతారు. చప్పుడు చేయకుండా నోరు కదిలిస్తారు, ఎదుటివాళ్ళు చూసి తెలుసుకుంటారు. ఈ చివర నిలబడి అమ్మ "ఇంట్ల ఉప్పు లేదు" అని పెదవులు కదిలిస్తే, ఆ చివర బాపు "తెస్త తియ్" అని కదిలించేవాడు. ఎదురెదురుగా నిలబడాల్సిన పని కూడా లేదు. సాంచా మీద నుంచి చూపు తిప్పకుండా, పక్కవాడి చెంప కదలిక చూసి మాట పట్టేస్తారు. ఊరి కబుర్లు, పెళ్ళి మాటలు, అత్తల మీద చాడీలు, అన్నీ ఆ రొదలోనే, ఒక్క ముక్క చప్పుడు లేకుండా జరిగిపోయేవి.

నాయినమ్మకైతే ఏళ్ళ తరబడి ఆ రొదలో ఉండి చెవులు దాదాపు పోయాయి. ఆమెకు పెదవులే దిక్కు. కుళాయి దగ్గర నిలబడి, వరస ఆ చివర గడపలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె గురించి గుసగుసలాడితే ఇక్కడి నుంచే జవాబు చెప్పేది.

అయితే పెదవులు చూసేవాళ్ళకు గొంతు వణికింది తెలియదు. ఇది నేను చాలా చిన్నప్పుడే కనిపెట్టాను. నాయినమ్మతో అబద్ధమాడాలంటే మూతి గట్టిగా పెట్టుకుంటే చాలు.

"నాయినమ్మా, బడిల క్లబ్బు వెట్టిండ్రు. శనారం పగటీలి ఉండాలెనట" అన్నాను.

"క్లబ్బంటె ఏందే?"

"నాటకం నేర్పుతరు."

"ఓ యవ్వ! ఇగ అదొక్కటి తక్కువైంది మనింట్ల. అద్దని చెప్పు."

"అద్దంటె నడ్వదు నాయినమ్మా, జబర్దస్తి. రాకపోతె నావ్ కట్ చేస్తరట."

నావ్ కట్ అంటే పేరు కొట్టేయడం. ఆ మాటకు మా వరసలో అందరూ భయపడేవాళ్ళు. నాయినమ్మ నా మూతి వంకే చాలాసేపు చూసింది. మూతి కదల్లేదు. "సరె, సర్కారోళ్ళతోని మనకెందుకు కొట్లాట" అంది.

అంతటితో ఆగి ఉంటే నేను ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఒక అబద్ధం అంత సులువుగా నడిచిందంటే రెండోది ఊరుకుంటుందా? నెల తిరిగేసరికి బుధవారం సాయంత్రం బడి వదిలాక కూడా నాయినమ్మ కార్ఖానాకు రమ్మనడం మొదలుపెట్టింది. నేను అదే మూతితో "బుధారం సుత క్లబ్బే" అన్నాను.

బుధవారం ఏ క్లబ్బూ లేదు. ఆ రోజు మా పక్కగది పిల్ల, నేను కలిసి బడి వెనక మెట్ల మీద కూర్చుని రంగునీళ్ళు పోసిన మంచుముద్ద, బర్ఫ్‌గోలా చప్పరించేవాళ్ళం. ఆ పిల్ల కూడా నాటకం క్లబ్బే, నా వయసే, నాకంటే రెండాకులు ఎక్కువ చదివింది. ఎర్రరంగు నాలుకలు ఒకరికొకరు చూపించుకుని, ఇంటికి పోయేముందు కుళాయి దగ్గర గీకి గీకి కడుక్కునేవాళ్ళం.

బడిలో మా ఇద్దరికీ అడ్డే లేదు. పెద్దబాయికి గానీ, నాటకం నేర్పే సారుకు గానీ పెదవుల మాట తెలియదు. సారు నాందేడ్ వైపాయన. మేము ఆయన ముందే, ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి, "సారు ప్యాంటు ఎన్క సున్నమంటింది సూడు" అని చెప్పుకుని కడుపులోనే నవ్వుకునేవాళ్ళం. పెద్దబాయి తొంగిచూసి, "ఈ తరగతి పిల్లలు ఎంత నెమ్మదిమంతులు!" అని మెచ్చుకునేది. ఏడాదంతా అట్లా గడిచేసరికి, చప్పుడు లేని మాట ఎవరికీ వినపడదనే నమ్మకం మా ఎముకల్లోకి దిగింది.

నాటకం సారు కష్టం మాత్రం పగవాడికి వద్దు. సాంచాల పిల్లలకు రెండే గొంతులు. ఒకటి కార్ఖానా గొంతు, ఆకాశం పగిలేలా అరవడం. రెండోది ఉత్త పెదవులు. మధ్యలో ఏమీ లేదు.

"మహారాజుకు జయము అని చెప్పు" అనేవాడు నాతో.

నేను పెదవులు కదిలించేదాన్ని.

"అరే, ఆవాజ్ ఏది? ఆవాజ్! నోరు కదుల్తుంది, గొంతు ఎక్కడ పెట్టి వచ్చినవ్, ఘర్‌లనా?"

నేను అరిచేదాన్ని. సారు రెండు చెవులు మూసుకునేవాడు. "బస్, బస్! రాజు చచ్చిపోతడు గదా!"

అందుకే నాకు రాణి వేషం ఇవ్వలేదు. నేను అడిగాను, ఏడ్చాను, రెండు రోజులు సారుతో మాట్లాడటం మానేశాను. ఆయన గమనించనేలేదు. దాసి వేషం ఇచ్చాడు. నాటకం సారే రాశాడు. ఒక రాజుకు నిద్ర పట్టదు. వైద్యులొస్తారు, మంత్రులొస్తారు, ఎవరికీ చేతకాదు. దాసి మొదటి నుంచి చివరిదాకా పక్కన నిలబడి విసనకర్ర విసురుతూనే ఉంటుంది. చివర్లో ఆమె నోరు తెరిచి ఒక్క మాట అంటుంది: "మహారాజా, ఈ విసనకర్ర ఒక్కరోజు మీరు పట్టండి. నేను మీ కుర్చీలో కూర్చుంటాను. నిద్ర ఎట్లా రాదో చూద్దాం." రాజు విసిరి విసిరి అలిసి అక్కడే పడి నిద్రపోతాడు. అంతే నాటకం.

ఆ మాట ఇంట్లో నీళ్ళ డ్రమ్ము ముందు నిలబడి చెప్పుకునేదాన్ని. ఎక్కడ ఆపాలో, ఎక్కడ తల ఎత్తాలో సారు చూపించాడు. చెప్తూ చెప్తూ ఒకరోజు ఒళ్ళు ఝల్లుమంది. రాజు ముందు నిలబడి ఒక దాసి అట్లా అనడం! రాణికి కూడా అంత మంచి మాట లేదని అప్పుడు తెలిసింది. కూర్చోవచ్చని చేరిన నేను ఇప్పుడు శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. కడుపునొప్పి ఎటుపోయిందో పోయింది. ఆ శనివారాలు పోతే నేను బతకలేననిపించింది. ఆ వయసులో అట్లాగే అనిపిస్తుంది లెండి, కానీ అనిపించింది నిజం.

ఏడాది చివర బడిలో గ్యాదరింగ్, అంటే వార్షికోత్సవం, పెట్టారు. మావాళ్ళందరూ రావాలని శుక్రవారం పొద్దున పెట్టారు, ఆ రోజు భివండిలో కరెంటు బందు, సాంచాలు ఆగుతాయి. బడి పెద్దగదిలో బల్లలు కలిపి వేదిక చేశారు. ఏదో కార్ఖానా వాళ్ళిచ్చిన కోరాబట్ట కుట్టి తెర కట్టారు. తెర తాడు పట్టుకునే పని పక్కగది పిల్లది. ఆమె వేదికకు ఆ పక్కన, గోడ చాటున నిలబడింది. థానే నుంచి ఒక పెద్దసారు అతిథిగా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనక నేల మీద మా నాయినమ్మ, అమ్మ, బాపు, మా పన్నెండు గదులవాళ్ళు, నాగావ్ కార్ఖానావాళ్ళు, గుమ్మం దాకా జనం.

తెర తీశారు. నేను విసనకర్ర విసరడం మొదలుపెట్టాను. రాజు వేషం ఏడో తరగతి లావుపాటి పిల్లవాడిది. వాడు "అయ్యో నిద్ర! అయ్యో నిద్ర!" అని తల పట్టుకున్నాడు. ఒక వైద్యుడొచ్చాడు, పోయాడు. ఇంకొకడు వచ్చాడు. నా మాటకు ఇంకా చాలా సమయముంది. చేయి నొప్పి పుట్టింది. గోడ చాటు నుంచి పక్కగది పిల్ల పెదవులు కదిలించింది:

"మీ నాయినమ్మ ముందట్నే కూసుంది. కన్నార్పుతలేదు."

నేను విసురుతూనే, చప్పుడు లేకుండా అన్నాను: "కూసోనియ్. ముసల్దానికేం ఎర్క?"

"క్లబ్బు జబర్దస్తని ఇంక నమ్ముతుందా?"

"నమ్ముతది. బుధారం క్లబ్బు సుత నమ్మింది. నేను మూతి బిగవట్టి చెప్తె దేవుడు సుత నమ్ముతడు."

"ఈ బుధారం గోలా ఏం రంగు?"

"పచ్చది. నాల్కె ఎర్రగైతె కడ్గలేక సస్తున్న."

గది మొత్తం సూది పడితే వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. దానికి పక్కన ఇంకొకరు. తర్వాత మా నాగావ్ కార్ఖానా ముకద్దం దగ్గు. ఆ తర్వాత అమ్మ పక్కన కూర్చునే కండెలామె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వేదిక మీద రాజు ఏడుస్తున్నాడు, కింద జనం భుజాలు ఊగుతున్నాయి. అతిథి సారు వెనక్కి తిరిగి చూశాడు. ఏడ్చే చోట నవ్వడం ఏమిటో ఆయనకు అర్థం కాలేదు.

నాకు కూడా అర్థం కాలేదు. విసనకర్ర విసురుతూ జనం వంక చూశాను. బాపు కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. అమ్మ నుదురు పట్టుకుని తల దించుకుంది. నాయినమ్మ ఒక్కతే నవ్వడం లేదు. నా మూతి వంక చూస్తోంది.

అప్పుడు తెలిసింది. ఆ గదిలో కూర్చున్న రెండు వందలమందీ సాంచాల వాళ్ళే. పక్క చెంప చూసి మాట పట్టేవాళ్ళే. నేను మైకు పట్టుకుని చెప్పినా ఇంత స్పష్టంగా ఉండేది కాదు. వినపడనివాళ్ళు ముగ్గురే: అతిథి, పెద్దబాయి, సారు.

గోడ చాటున పక్కగది పిల్లకు కూడా అదే క్షణంలో తెలిసినట్టుంది. భయపడి తెర తాడు లాగేసింది. తెర సగం వచ్చి ఆగింది. నేను లోపల పడ్డాను, రాజు బయట పడ్డాడు. వాడు ఒంటరిగా జనం ముందు నిలబడి "అయ్యో నిద్ర" అని ఇంకోసారి అన్నాడు. సారు పక్క నుంచి "ఖోల్, ఖోల్!" అని పళ్ళు కొరికాడు. తెర మళ్ళీ తెరిచారు.

ఇక నా మాట. మంత్రి వెళ్ళిపోయాడు. రాజు నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. ఏమీ లేదు. నీళ్ళ డ్రమ్ము ముందు ఎన్నిసార్లు చెప్పిన మాట, ఒక్క ముక్క లేదు. తలలో ఒకటే తిరుగుతోంది: అయిపోయింది, శనివారాలు అయిపోయాయి, రేపటి నుంచి కండెలే. రాజు నా ముఖం చూశాడు, నేను రాజు ముఖం చూశాను. ఆ మాట రాకపోతే నాటకం ముగియదు. సారు తల గోడకు ఆనించాడు.

అప్పుడు ముందు వరసలో నాయినమ్మ పెదవులు కదిలాయి. చప్పుడు లేకుండా, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి: "మహారాజా."

నేను నీళ్ళ డ్రమ్ముతో చెప్పుకుంటున్నప్పుడల్లా ఆమె మూలన కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. చూడటం లేదనుకున్నాను.

"మహారాజా!" అన్నాను గట్టిగా.

"ఈ విసనకర్ర ఒక్కరోజు మీరు పట్టండి."

"ఈ విసనకర్ర ఒక్కరోజు మీరు పట్టండి!"

"నేను మీ కుర్చీల కూసుంట."

"నేను మీ కుర్చీల కూసుంట!"

"నిద్ర ఎట్ల రాదో సూద్దాం."

"నిద్ర ఎట్ల రాదో సూద్దాం!"

పెదవులు అక్కడ ఆగలేదు. నేను అప్పటికి మంచి ఊపులో ఉన్నాను. ఆమె పెదవుల మీద ఏది వస్తే అది నా గొంతులో కార్ఖానా గొంతై వస్తోంది. ఆమె అంది, నేను కూడా అన్నాను, రాజు ముఖం మీదికి వేలు చూపించి మరీ:

"ఇంటికి రా, నీ పని చెప్త!"

ఇక ఆపేవాళ్ళు లేరు. ముకద్దం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. రాజు భయపడిపోయి, సారు నేర్పిన నడక అంతా మరిచి, గబగబా వచ్చి నా చేతిలో విసనకర్ర లాక్కుని నాలుగుసార్లు విసిరి, నేల మీద వెల్లకిలా పడి కళ్ళు మూసుకున్నాడు. తెర పడింది. ఈసారి మొత్తం పడింది.

అతిథి సారు లేచి మాట్లాడాడు. ఒక దాసి రాజును ఇంటికి రమ్మని బెదిరించడం కొత్తగా ఉందని, రాసినాయన ధైర్యం మెచ్చుకోవాలని అన్నాడు. సారు చేతులు జోడించి మెప్పంతా తీసుకున్నాడు. పెద్దబాయి లేచి, నాటకం జరుగుతున్నంతసేపు మాట అనేదే లేకుండా కూర్చున్న మా పిల్లల తల్లిదండ్రులు భివండికే ఆదర్శం అంది. దానికి మళ్ళీ నవ్వారు. ఆమె సిగ్గుపడి కూర్చుంది.

ఇంటికి పోయే దారంతా ఎవరూ గొంతు ఎత్తలేదు. కానీ గడప గడపలో పెదవులు. "బుధారం క్లబ్బు పోరి అస్తుంది." "పచ్చగోలానా, ఎర్రగోలానా?" నేను నేల చూస్తూ నడిచాను.

గదిలోకి పోగానే నాయినమ్మ చాప మీద కూర్చుంది. నన్ను ఎదురుగా నిలబెట్టింది.

"నా మొకం మీద సూపు వెట్టు. నన్ను ముసల్దన్నవ్. అది నిజమే. ఏం ఎర్కలేదన్నవ్. అది అబద్ధం."

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడిస్తె పెదవులు ఒంకర వోతయ్, ఏమంటున్నవో నాకు తెల్వదు. ఏడ్పు ఆపి చెప్పు. క్లబ్బు జబర్దస్తా?"

"కాదు."

"బుధారం ఉన్నదా?"

"లేదు."

బాపు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "పోనీ తియ్యె అవ్వా, పొల్ల మంచిగనే ఏసింది గదా" అన్నాడు.

"నువ్ నవ్వుకుంట కూసున్నవ్ గద, ఊకో." నాయినమ్మ నా వైపు తిరిగింది. "శనారం ఎందుకు వోతున్నవ్? పని ఎగ్గొట్టనీకా?"

మూతి బిగించవచ్చు. ఆమె ముందు ఇంకా ఒక అబద్ధం నడిపించవచ్చునేమో. కానీ ఆరోజు నా వల్ల కాలేదు. "మొదట గందుకే. ఇప్పుడు గందుక్కాదు. ఆ మాట అంటుంటె నాకు మంచిగనిపిస్తది" అన్నాను.

అమ్మ ఏదో అనబోయింది. నాయినమ్మ చేయి ఎత్తింది. చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టింది గానీ, తీర్పు ఆమె బడి నుంచి వస్తూ దారిలోనే రాసుకుందని నా అనుమానం.

"శనారం నీది. పో. బుధారం క్లబ్బున్నదని నోటితోని చెప్పినవ్ గద? మనింట్ల చెప్పిన మాట ఉంటది. బుధారం క్లబ్బు ఉంటది. కార్ఖానల."

నాకు అర్థం కాలేదు. తర్వాతి బుధవారం అర్థమైంది. బడి వదలగానే నాగావ్ పోయాను. గోనెసంచి మీద కూర్చోబెట్టి ముందర గంప పెట్టింది. "చేతులు కండెలకు, నోరు క్లబ్బుకు" అంది. అమ్మ, పక్కన కండెలామె, వాళ్ళ వెనక ఇంకో నలుగురు మిషన్లు తిప్పుతూ నా మూతి వంక చూశారు. నాటకం మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, సాంచాల రొదలో, గొంతు లేకుండా, ఒక్కదాన్నే చెప్పాలి.

రాజును చెప్పాను, వైద్యులను చెప్పాను. కండెలామె చేయి ఊపి, "రాణి ఎక్కడ? రాణిని తే" అంది. రాణిని కూడా చెప్పాను. సారు ఇవ్వని వేషం ఆ గోనెసంచి మీద దొరికింది. ఆ రాణి కొంచెం ఎక్కువే మాట్లాడింది, సారు రాయనివి కూడా మాట్లాడింది. దాసి దగ్గరికి వచ్చేసరికి ఆ చివర సాంచా దగ్గర ముకద్దం కూడా ఇటే చూస్తున్నాడు. నేను ఆ మాట అన్నాను. "ఇంటికి రా, నీ పని చెప్త" అనకుండా వదిలిపెట్టబోతే ఆరుగురూ ఒక్కసారి వేళ్ళు ఎత్తి, అది కూడా కావాలన్నారు. అయిపోయాక చూస్తే గంప ఖాళీ. ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియనే తెలియదు.

కానీ వాళ్ళకు ఒక్క నాటకం ఎన్ని బుధవారాలు సరిపోతుంది? మూడో వారానికే నాయినమ్మ మూతి విరిచింది. "గీ రాజుకు నిద్ర వట్టింది, మాకు సుత వడుతుంది. కొత్తది తే." కొత్తది ఎక్కడి నుంచి తేవాలి? శనివారం క్లబ్బు నుంచే. అక్కడ సారు ఏది చెప్పినా గుక్క తిప్పుకోకుండా మింగి, బుధవారం కార్ఖానాలో కక్కాలి. ఒక శనివారం నాకు నిజంగానే జ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాయినమ్మ నుదురు మీద చేయి పెట్టి చూసి, వాము నీళ్ళు తాగించి, దుప్పటి లాగి మడతపెట్టింది.

"లే. క్లబ్బుకు టైమైతుంది."

"జ్వరముంది నాయినమ్మా. ఇయ్యాల పోకుంటె ఏమైతది?"

"ఏమైతదా? బుధారం ఆరుగురు ఆడోళ్ళకు ఏం చెప్తవ్? నడువ్. క్లబ్బు జబర్దస్తి."

పోయాను. పోక తప్పుతుందా!

ఇదీ సంగతి. ఇంతసేపు ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద గిన్నె ఖాళీగా దిగకూడదు. మీ ఇంటి పెద్దవాళ్ళ కళ్ళు ఎప్పటికీ మసకబారకూడదు, మీ పిల్లల అబద్ధాలు నవ్వుకోదగినంత చిన్నవిగానే ఉండాలి. మీ గడపలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ కడుపు నిండి, నవ్వు ముఖంతో బయటికి పోవాలి.